గ్లవ్ విప్పితే ఆ షాట్ అయిపోయినట్టే

నేను ఆడిటర్‌ని. ముప్పై ఏళ్లు హైదరాబాద్‌లో వేరేవాళ్ల పద్దులు చూసి చూసి, యాభై మూడో ఏట గోల్ఫ్ క్లబ్ (కర్ర) చేత్తో పట్టుకున్నాను. ఇప్పుడు అరవై ఒకటి. గోల్కొండలో, నయా ఖిల్లా గోడల మధ్య ఉన్న కోర్సులో వారానికి మూడు పొద్దులు ఆడతాను. మొదటి మూడేళ్లు నా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత మేలు) 22 దగ్గర కూర్చుని లేవనంది. తర్వాత రెండేళ్లలో 15కి దిగింది. ఆ రెండేళ్లలో నా స్వింగ్ ఏమీ మారలేదు. మా కోచ్‌ని అడిగినా అదే మాట చెబుతాడు, కాస్త బాధగా.

మారింది ఏమిటని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ముందే ఒక మాట. గ్రిప్ తప్పుగా ఉన్నవాడికి, భుజం తిరగనివాడికి ఇది పనికిరాదు. బాల్ పదిసార్లు కొడితే ఆరేడుసార్లు సరిగ్గా తగులుతున్నా స్కోరు మాత్రం రానివాళ్లకే ఇదంతా. రేంజ్ (ప్రాక్టీస్ చేసే చోటు) మీద హీరో, కోర్సు మీద జీరో అంటామే, వాళ్లకి.

ముందు ఒక లెక్క చూడండి. పద్దెనిమిది హోల్స్ రౌండ్‌ని 90 షాట్లలో ముగించేవాడి స్వింగ్ ఒక్కోటి రెండు సెకన్లు అనుకుందాం. మొత్తం 180 సెకన్లు, అంటే మూడు నిమిషాలు. రౌండ్‌కి పట్టేది నాలుగున్నర గంటలు, అంటే 270 నిమిషాలు. మూడు నిమిషాల పనికి 267 నిమిషాల ఖాళీ. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ బాల్ వదిలాక బ్యాట్స్‌మన్‌కి అర సెకను దొరికితే గొప్ప. ఆలోచించే తీరికే ఉండదు. ఇక్కడ బాల్ గడ్డి మీద కూర్చుని మన వంకే చూస్తుంటుంది. ‘ఏం సార్, మొన్న ఇక్కడే కదా నన్ను నీళ్లలో పడేశారు’ అన్నట్టు.

ఆ ఖాళీలో ఏం చేస్తున్నామో తెలియాలంటే రాసుకోవాలి. వృత్తి అలవాటు, నాకు వేరే దారి తెలియదు.

రెండు గళ్ల పుస్తకం

జేబులో పట్టే చిన్న డైరీ ఒకటి తీసుకోండి. కొత్త సంవత్సరానికి బ్యాంకువాళ్లు ఇచ్చేది చాలు. ప్రతి పేజీలో రెండు గళ్లు గీయండి. ఎడమ గడి నిర్ణయానికి, కుడి గడి ఫలితానికి. ఎడమ గడిలో అడగాల్సింది ఒకటే ప్రశ్న: ఏ క్లబ్, ఎక్కడికి, ఎలాంటి షాట్ అన్నది ముందే తేల్చుకుని, బాల్ దగ్గర నిలబడ్డాక మనసు మార్చుకోకుండా కొట్టానా? అవునంటే టిక్కు, కాదంటే ఇంటూ. కుడి గడిలో బాల్ ఎక్కడ పడిందో చూసి టిక్కో ఇంటూవో పెట్టండి. షాట్ షాట్‌కీ రాయకండి, వెనకాల వచ్చే ఫోర్‌బాల్ (నలుగురి గుంపు) వాళ్లు తిడతారు. హోల్ అయ్యాక, అంటే బాల్ రంధ్రంలో పడ్డాక, తర్వాతి టీ (మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గర నిలబడి రాస్తే సరిపోతుంది.

నా పుస్తకంలో మూడు నెలలకు తేలింది ఇది. చెడ్డ షాట్లలో సగానికి పైగా ఎడమ గడిలోనూ ఇంటూ ఉంది. అంటే చెయ్యి తప్పడానికి ముందే బుర్ర తప్పింది. సిక్స్ ఐరన్ చేతిలో పెట్టుకుని, క్లబ్ పైకి ఎత్తాక ‘ఫైవ్ తీసుకోవాల్సిందేమో’ అనుకోవడం (క్లబ్ అంకె తగ్గేకొద్దీ బాల్ దూరం పోతుంది). ఎడమవైపు కొడదామని నిలబడి, చివరి క్షణంలో రంధ్రం దగ్గరి ఫ్లాగ్ వంక ఆశపడటం. సగం మనసుతో కొట్టిన సరైన క్లబ్ కంటే, నిండు మనసుతో కొట్టిన తప్పు క్లబ్బే నాకు ఎక్కువసార్లు గ్రీన్ (రంధ్రం ఉండే నున్నటి గడ్డి) చూపించింది.

రెండు గళ్లు ఎందుకు వేరుగా ఉండాలో చెప్పడానికి అమెరికాలో ఆడే గోల్ఫర్, మన సాహిత్ తీగల కంటే మంచి ఉదాహరణ లేదు. తల్లిదండ్రులు హైదరాబాద్ వాళ్లు, అతను 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ ఆఖరి రోజున 17వ హోల్‌లో డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) తీసి గ్రీన్ వైపు కొట్టాడు. పార్ ఫోరే, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సినదే గానీ, ఒక్క దెబ్బతో గ్రీన్ అందుకోగలిగిన హోల్. షాట్ బాగానే వెళ్లింది. నేల మీద పడి, ఎడమకు ఎగిరి నీళ్లలోకి దొర్లింది. ప్లేఆఫ్‌కి (స్కోరు సమానమైనవాళ్ల మధ్య విజేతను తేల్చే ఆట) ఒక్క షాట్ దూరంలో ఆగిపోయాడు. అదే ఏడాది జూన్‌లో కనెక్టికట్‌లో జరిగిన ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్‌లో ఒక షాట్ ఆధిక్యంతో 18వ టీకి వచ్చాడు. డ్రైవ్ ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి) దగ్గరి బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో పడింది, అంచుకి బాగా దగ్గరగా. గట్టిగా బయటికి కొట్టబోతే అంచుకి తగిలి బాల్ బంకర్‌లోనే ఉండిపోయింది. డబుల్ బోగీ (పార్ కంటే ఒకటి ఎక్కువైతే బోగీ, రెండైతే డబుల్ బోగీ). గెలుపు జాండర్ షాఫ్లేకి వెళ్లిపోయింది.

రెండింటిలోనూ కుడి గడిలో ఇంటూయే. ఎడమ గడిలో మాత్రం, నా లెక్క ప్రకారం, ఫీనిక్స్‌కి టిక్కు, కనెక్టికట్‌కి పక్కన ప్రశ్నార్థకం. (టీవీ ముందు సోఫాలో కూర్చుని అతనికి మార్కులు వేసేంతటివాణ్ణా అంటే కాదు. ఆడిటర్లందరికీ ఉన్న జబ్బు ఇది.) ఈ తేడా తెలియనివాడు ఫీనిక్స్ షాట్ చూసి ‘నేను దండగ’ అనుకుంటాడు. తెలిసినవాడు ‘అది నేల చేసిన పని’ అని నడిచిపోతాడు. 2023 సెప్టెంబర్‌లో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ రెండు షాట్ల తేడాతో గెలిచి, సాహిత్ అమెరికా ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్‌లో తన మొదటి టైటిల్ అందుకున్నాడు.

మీరు వారానికోసారి ఎడమ గడి టిక్కులు మాత్రమే లెక్కపెట్టండి. కుడి గడి జోలికి వెళ్లకండి. ఎడమది పెరుగుతుంటే కుడిది దాని వెనకే వస్తుంది, కాస్త ఆలస్యంగా, మా ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ లాగా.

చెట్టు చెప్పుండ్రి

ఎడమ గడిలో టిక్కులు పెరగడం ఎలా అన్నది నాకు నేర్పింది పుస్తకాలు కాదు, ఒక క్యాడీ. యాభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచీ అక్కడే బ్యాగులు మోస్తున్నాడు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సార్ అంటాడు. ఒకరోజు ఐరన్ ఇవ్వమని చెయ్యి చాపితే క్లబ్ అందించాడు గానీ రెండో కొస వదల్లేదు.

“చెట్టు చెప్పుండ్రి సార్.”

“ఏ చెట్టన్నా?”

“ఏ చెట్టు దిక్కు కొడుతున్నరో చెప్పుండ్రి. అప్పుడు ఇడుస్త.”

“ఫెయిర్‌వే మధ్యలోకి.”

“నడుమ అంటె నడుమ ఏడ? ఆడ మస్తు జాగ ఉన్నది.”

చివరికి, గ్రీన్ వెనక ఉన్న రెండో తాటిచెట్టు, దాని ఎడమ మట్ట అని చెబితే గానీ క్లబ్ నా చేతికి రాలేదు. ఆ షాట్ ఎక్కడ పడిందో ఇప్పుడు గుర్తు లేదు. కానీ నోటితో చెప్పేసరికి లోపల ఏదో సద్దుమణిగింది. అప్పటిదాకా నాకు గురి అంటే ఒక దిక్కు. ఆయనకి గురి అంటే ఒక మట్ట.

నయా ఖిల్లాలో వందల ఏళ్లనాటి బావోబాబ్ చెట్టొకటి ఉంది, హతియాన్ కా ఝాడ్ అంటారు, ఏనుగు లాంటి మాను. ఓసారి సరదాకి గురి అడిగితే దాని పేరు చెప్పాను. “అది ఏనుగంత ఉంటది సార్, ఏడ కొట్టినా తాకుతది. గురి సన్నగుండాలె” అన్నాడు.

ఇప్పుడు నేను చేసేది ఇది, మీరూ చేసి చూడండి. బాల్ వెనక నాలుగైదు అడుగులు దూరంగా నిలబడండి. ఆలోచనంతా అక్కడే అయిపోవాలి. గాలి, దూరం, బంకర్, నిన్న ఏమైందో, మీ భయాలు, ఆశలు, అన్నీ అక్కడే. మనసులో ఒక గీత గీసుకోండి, ఇంటి గడప అనుకోండి. క్లబ్ తేల్చుకోండి. మట్టంత సన్నని గురి ఒకటి వెతికి, పెదవి కదిపి చెప్పండి. క్యాడీ ఉంటే క్యాడీకి, లేకపోతే మీకు మీరే. ఒకే ఒక్క ప్రాక్టీస్ స్వింగ్. తర్వాత గడప దాటండి. దాటాక ఇక ఆలోచించేదేమీ లేదు, కొట్టడమే. నిలబడి, గురి వంక ఒకసారి చూసి, నాలుగు లెక్కపెట్టేలోపు క్లబ్ కదలాలి.

గడప దాటాక అనుమానం వస్తే? వస్తుంది. మొదటి నెలంతా వస్తూనే ఉంటుంది. అప్పుడు సర్దుకుని కొట్టేయకండి. వెనక్కి రండి, గడప బయటికి. మళ్లీ మొదటి నుంచి. ఇది ఆలస్యం చేయడం కాదు, మీ వంతు వచ్చాక 40 సెకన్లలో కొట్టమని రూల్స్ సలహా ఇస్తాయి, రెండుసార్లు గడప దాటినా ఆ టైమ్ సరిపోతుంది, మీరు ముందే ఆలోచించి పెట్టుకుంటే. అసలు ఆలస్యం చేసేది గడప లోపల విగ్రహంలా నిలబడేవాళ్లు.

వెనక్కి రావడానికి మొహమాటం అడ్డు వస్తుంది. నలుగురూ చూస్తున్నారు, ఏమనుకుంటారో అని. నిజం చెప్పాలంటే వాళ్లు మిమ్మల్ని చూడటం లేదు, తమ తర్వాతి షాట్ గురించి తాము భయపడుతున్నారు.

నాలుగడుగుల నరకం

గ్రీన్ మీద ఉండే రంధ్రం 108 మిల్లీమీటర్ల వెడల్పు. బాల్ 43 కంటే కాస్త తక్కువ. అంటే రెండున్నర బాల్స్ పక్కపక్కన పట్టేంత చోటు. నాలుగడుగుల నుంచి అందులోకి తోయడానికి బలం అక్కర్లేదు, మా మనవడు కూడా తోయగలడు. వాడు నిజంగానే తోస్తాడు, నాకంటే ఎక్కువసార్లు. వాడికి తప్పితే ఏమవుతుందో తెలియదు.

నాకు తెలుసు కాబట్టి నేనేం చేస్తున్నానో ఒకసారి మా ఫోర్‌బాల్‌లోని కళ్ల డాక్టరు గారు ఫోన్‌లో వీడియో తీసి చూపించారు. ఇరవై అడుగుల పట్‌కి (గ్రీన్ మీద బాల్‌ని రంధ్రంలోకి దొర్లించే షాట్) బాల్ పక్కన నిలబడి ఐదు సెకన్లలో కొట్టేస్తున్నాను. నాలుగడుగులదానికి పద్నాలుగు సెకన్లు. ఆ పద్నాలుగు సెకన్లలో రంధ్రం వంక ఆరుసార్లు చూశాను. తల తిప్పిన ప్రతిసారీ భుజం కూడా కొంచెం తిరుగుతోంది. మనసు భయపడితే శరీరం నిలబడిన చోటే నెమ్మదిగా తప్పుకుంటుంది, మనకే తెలియకుండా.

కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్, ఆటగాళ్ల చూపు ఎక్కడ ఉంటుందో పరికరాలు పెట్టి చూసిన పరిశోధకురాలు. పట్ బాగా వేసేవాళ్ల చూపు కొట్టే ముందు బాల్ మీద రెండు మూడు సెకన్లు కదలకుండా ఆగుతుందని, కొట్టాక కూడా కాసేపు అక్కడే ఉంటుందని ఆమె తేల్చారు. మనలాంటివాళ్ల చూపు బాల్‌కీ రంధ్రానికీ మధ్య ఈగలా తిరుగుతుంది. దీన్ని సరిచేసుకోవడానికి కోర్సుకు వెళ్లక్కర్లేదు. రాత్రి భోజనమయ్యాక హాల్లో నేల మీద ఒక స్టీలు గ్లాసు పడుకోబెట్టండి. దాని మూతి అసలు రంధ్రం కంటే చాలా చిన్నది, కాబట్టి మర్నాడు గ్రీన్ మీద రంధ్రం బావిలా కనిపిస్తుంది, అది అదనపు లాభం. నాలుగడుగుల దూరం నుంచి కొట్టండి. చూపు బాల్ వెనక భాగాన ఒక చుక్క మీద పెట్టండి. కొట్టాక తల ఎత్తకుండా, బాల్ ఉన్న చోటునే చూస్తూ, గ్లాసు ‘టంగ్’మనే చప్పుడు కోసం చెవి పెట్టి వినండి. కంటితో కాదు, చెవితో చూడాలి.

మా ఆవిడ ఇందులో నాకు పెద్ద పరీక్ష పెట్టేది. సరిగ్గా కొట్టబోతుండగా వంటింట్లోంచి “ఏమండీ, పాలు పొంగుతున్నాయి!” అనేది. తల ఎత్తితే ఓడినట్టు. పాలు నిజంగా పొంగిన రోజు కూడా ఎత్తలేదు, దానికి వేరే గొడవైంది.

ఇంకో సంగతి. పట్ తప్పితే మనం సిగ్గుపడేది, తప్పకూడనిది తప్పిందన్న భ్రమతో. పీజీఏ టూర్‌లో ఆడే మొనగాళ్లు ఎనిమిది అడుగుల నుంచి దాదాపు సగమే వేస్తారు. ఇరవై అడుగుల నుంచి నూటికి పదిహేను. ఎనిమిదడుగులది తప్పినప్పుడు నేను నెత్తి కొట్టుకునేవాణ్ణి, ప్రపంచంలో అందరికంటే బాగా ఆడేవాళ్లకు పడనిది నాకు పడాలని. ఇక చిన్నవి తప్పడం అంటారా, 2024 యూఎస్ ఓపెన్‌లో, పైన్‌హర్స్ట్‌లో, రోరీ మెకిల్‌రాయ్ 16వ హోల్‌లో రెండున్నర అడుగులది, 18వ హోల్‌లో నాలుగడుగులకు లోపుదే ఇంకొకటి వదిలేశాడు. ఒక్క షాట్‌తో ట్రోఫీ పోయింది. మరుసటి ఏడాది మాస్టర్స్ టోర్నీ ఆఖరి రోజు మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ చేశాడు, 13లో చిన్న షాట్‌ని వాగులోకి కొట్టి మళ్లీ డబుల్ బోగీ, చివరికి ప్లేఆఫ్‌లో గెలిచాడు. అంతటివాడికే చెయ్యి వణికితే మనకు వణకడం వార్త కాదు.

చెయ్యి వణకడం కాకుండా, మణికట్టు తనంతట తానే ఎగిరిపడుతుంటే దాన్ని యిప్స్ అంటారు. అది వేరే. అన్నిసార్లూ మనసు జబ్బు కాదు, కొందరికి నరాల సమస్య. ధైర్యంతో గెలవాలని చూడకండి. గ్రిప్ మార్చండి, పొడుగు పటర్ (పట్ కొట్టే క్లబ్) ప్రయత్నించండి, కోచ్‌కి చెప్పండి. జర్మనీ గోల్ఫర్ బెర్న్‌హార్డ్ లాంగర్‌ని యిప్స్ ఒకటికి రెండుసార్లు పట్టుకున్నాయి, పట్టుకునే తీరు మార్చుకుంటూ 1985లోనూ 1993లోనూ మాస్టర్స్ గెలిచాడు.

రాయి మీద సెవెన్ ఐరన్

గోల్కొండ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. వాటిలో ఒకదాని మీద నా సెవెన్ ఐరన్ విరిగింది. క్లబ్ బాల్ నెత్తికి తగిలి, అంటే టాప్ అయ్యి, అది ముప్పై గజాలు దొర్లితే, కోపంలో క్లబ్ ఊపాను, రాయి అక్కడే ఉంది, దానికి తొందరేం లేదు. క్యాడీ అన్న రెండు ముక్కలూ ఏరి బ్యాగ్‌లో పెట్టి, మిగతా రౌండ్‌లో నేను సెవెన్ అడిగినప్పుడల్లా మాట్లాడకుండా సిక్స్ ఇచ్చాడు. ఆ మౌనమే నాకు పెద్ద దెబ్బ.

కోపం రాకూడదని చెప్పే గురువులను నేను నమ్మను. వస్తుంది. మన కోర్సులో భగవద్గీత శ్లోకం చెప్పనివాడు లేడు, కర్మణ్యేవాధికారస్తే అని. అది చెప్పిన నోటితోనే, బాల్ నీళ్లలో పడ్డాక క్యాడీని తిట్టినవాళ్లనూ చూశాను. కోపానికి అడ్డుకట్ట వేయడం కాదు, దానికి ఒక టైమ్ పెట్టడం నా వల్ల అయింది. చేతికి గ్లవ్ ఉన్నంతసేపూ తిట్టుకోవచ్చు, విశ్లేషించుకోవచ్చు, క్లబ్‌ని, గాలిని, ప్రభుత్వాన్ని ఏమైనా అనొచ్చు. నడక మొదలుపెట్టే ముందు గ్లవ్ విప్పుతాను. దాని పట్టీ ‘సర్ర్’మని ఊడే చప్పుడుతో ఆ షాట్ అయిపోయింది. తర్వాత నడకలో గోల్ఫ్ మాట్లాడను. నెమలి కనిపిస్తే నెమలిని చూస్తాను, మాతో ఆడే కల్నల్ గారి మోకాలి ఆపరేషన్ గురించి అడుగుతాను, ఇడ్లీలో కొబ్బరి చట్నీయా పల్లీ చట్నీయా అని వాదిస్తాను. తర్వాతి బాల్ కనిపించాక గ్లవ్ తొడుగుతాను, అప్పుడు ఆట మొదలు.

మొదట్లో ఇదంతా నాటకంలా ఉంటుంది. నాటకమే. పది రౌండ్లు ఆడాక చెయ్యి పట్టీ లాగగానే భుజాలు దిగడం మీకే తెలుస్తుంది.

ఊపిరి గురించి ఒక్క ముక్క. గడప బయట నిలబడి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. అంతకంటే యోగం ఇక్కడ అక్కర్లేదు.

బాల్ పోతే వెతుకులాటకి మూడు నిమిషాలే, 2019 నుంచి రూల్ అది. ఆ రూల్‌ని నేను మనసుకీ వాడతాను. పోయిన షాట్ గురించి మూడు నిమిషాల కంటే వెతకను.

కూడిక ఎక్కడ ఆపాలి

ఇది నా వృత్తిదోషం, మీకు లేకపోవచ్చు. కానీ ఉన్నవాళ్లని చాలామందిని చూశాను. పద్నాలుగో హోల్ దగ్గర నా బుర్ర దానంతట అదే కూడుతుంది. ‘ఇప్పటికి ఇంత, మిగతా నాలుగూ బోగీలు చేస్తే 88, జీవితంలో ఇంతవరకు రాలేదు.’ అంతే, పదిహేనో టీ దగ్గర నేను లేను, క్లబ్‌హౌస్‌లో కూర్చుని 88 గురించి చెప్పుకుంటున్నాను. బాల్ రఫ్‌లో (పక్కనుండే పొడుగు గడ్డిలో) ఉంది.

స్ట్రోక్ ప్లే (మొత్తం షాట్లు లెక్కపెట్టే) పోటీలో మీ కార్డు రాసేది మీరు కాదు, మార్కర్ అనే ఇంకో మనిషి. మామూలు రోజుల్లోనూ అలాగే చేయండి. కార్డు పక్కవాడికి ఇచ్చేయండి. హోల్ అయ్యాక ఆ హోల్ అంకె మాత్రం చెప్పండి, మొత్తం అడగకండి. అడగని అంకె నోట్లోకి రాదు. కల్నల్ గారు ఒకసారి పదహారో హోల్ దగ్గర “ఆడిటర్ గారూ, మీరివాళ చాలా బాగా ఆడుతున్నారు, తెలుసా” అన్నారు. మూడు డబుల్ బోగీలు. అప్పటి నుంచి నాకు లెక్క చెప్పడం నిషేధం.

హ్యాండిక్యాప్ పద్ధతే మనసుకి పెద్ద మందు, ఎవరూ గమనించరు. 2020 నుంచి ప్రపంచమంతా ఒకటే పద్ధతి: మీ చివరి 20 స్కోర్లలో మంచివి 8 మాత్రమే తీసుకుని సగటు కడతారు. అంటే మిగతా 12 లెక్కలోకి రావు. ఇరవైలో పన్నెండు చెడ్డ రోజులుంటాయని ఆ పద్ధతే ఒప్పుకుంటోంది. మీరెందుకు ఒప్పుకోరు? పైగా ఒక హోల్‌లో మీరు తొమ్మిదో పదో కొట్టినా, హ్యాండిక్యాప్ కోసం ఒక హద్దు దాటి లెక్కపెట్టరు. నెట్ డబుల్ బోగీ అంటారు దాన్ని. నాకు పద్దుల్లో ఇంత దయగల నిబంధన ఇంకెక్కడా కనిపించలేదు.

హ్యాండిక్యాప్ 18 ఉన్నవాడికి ప్రతి హోల్‌కీ ఒక షాట్ ఎక్కువ ఇస్తున్నారు. అంటే పార్ ఫోర్ అతనికి పార్ ఫైవ్. కార్డు మీద పెన్నుతో 4 కొట్టేసి 5 రాసుకోండి. చిల్లర పని అనిపిస్తుంది గానీ, దాని వల్ల రెండో షాట్‌కి రఫ్‌లోంచి త్రీ వుడ్ (దూరం కొట్టే క్లబ్) తీసే పిచ్చి సగం తగ్గుతుంది.

లెక్క గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకోటి. 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో, అట్లాంటాలో, సాహిత్ తీగల బంకర్‌లో బ్యాక్‌స్వింగ్ చేసేటప్పుడు క్లబ్ ఇసుకకి తగిలిందని తనంతట తానే చెప్పి రెండు స్ట్రోకుల శిక్ష వేయించుకున్నాడు. మూడో స్థానంలో ముగించాడు, రెండో స్థానానికి సరిగ్గా రెండు స్ట్రోకుల దూరంలో. నిజాయితీ గొప్పదని పాఠం చెప్పడానికి కాదు ఇది రాయడం. నా అనుభవంలో, రఫ్‌లో బాల్‌ని కాలితో కొంచెం జరిపిన రోజు తర్వాతి మూడు హోల్స్ ఆడలేకపోయాను. గడప లోపలికి ఆ సంగతి కూడా వెంట వస్తుంది. ఇక జరపడం మానేశాను, పుణ్యం కోసం కాదు, స్కోరు కోసం.

పక్కవాళ్లు

మా పందెం ఎప్పుడూ ఒకటే, ఓడినవాళ్లు నలుగురికీ టిఫిన్ పెట్టించాలి. డబ్బు తక్కువే, పరువు ఎక్కువ. డాక్టరు గారి అస్త్రాలు మంచివి. “ఈ మధ్య మీ బ్యాక్‌స్వింగ్ భలే నిదానమైందండీ, ఏం చేశారు?” అంటారు, నవ్వుతూ. ఆ పొగడ్త విన్నవాడు తర్వాతి టీ దగ్గర తన బ్యాక్‌స్వింగ్‌ని తనే చూసుకోవడం మొదలుపెడతాడు. అయిపోయినట్టే. ఇలాంటివాటికి “అవునా అండీ, థాంక్సండీ” అని గ్లవ్ విప్పేయండి. స్వింగ్ గురించిన ఆలోచన ఒక రౌండ్‌కి ఒకటే పెట్టుకోండి, అదీ ముందు రోజు రాత్రే. నాది ‘చివరిదాకా తిరుగు’. అది పనిచేయని రోజున కూడా అదే.

పొద్దున్నే మొదటి టీ దగ్గర టెన్షన్ అందరికీ ఉంటుంది. చాయ్ గ్లాసులు పట్టుకుని నాలుగు గుంపులు నిలబడి ఉంటారు. ఆ ఒక్క షాట్‌కి డ్రైవర్ తీయకండి. నిద్రలో లేపినా కొట్టగల క్లబ్ ఏదో అది తీయండి. నాకు హైబ్రిడ్ అనే క్లబ్. నలభై గజాలు తగ్గుతుంది, గుండె దడ కూడా.

పోయిన ఆదివారం పద్దెనిమిదో గ్రీన్ మీద నాకు నాలుగడుగుల పట్ మిగిలింది. వేస్తే టిఫిన్ డాక్టరు గారి ఖర్చు, తప్పితే నాది. గడప బయట నిలబడి ఎడమ అంచు అని పెదవి కదిపాను. లోపలికి వెళ్లి, ఒక్కసారి చూసి, నాలుగు లెక్కపెట్టేలోపు కొట్టాను. తల ఎత్తలేదు. చప్పుడు కోసం విన్నాను. రాలేదు. బాల్ అంచు చుట్టూ తిరిగి బయటే ఆగింది.

గ్లవ్ విప్పి, డైరీ తీసి ఎడమ గడిలో టిక్కు పెట్టాను, కుడి గడిలో ఇంటూ. “పట్ పోయింది కదండీ, టిక్కు దేనికి?” అని డాక్టరు గారు తొంగి చూశారు. చెబుతుంటే వింటూనే రెండో ప్లేటు వడ కూడా నా లెక్కలో చెప్పారు.